బెజవాడ డాబా మీద నీటిలో ఔషధ మొక్కలు: బ్రాహ్మి, సరస్వతి ఆకు, తులసి

హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా ఎరువు నీళ్లలో మొక్కలు పెంచడం) గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాల వాళ్లవి, లేదంటే ఏసీ గదుల్లో పెంచేవాళ్లవి. వాటిని ఉన్నదున్నట్టుగా విజయవాడ డాబా మీద పాటిస్తే వేసవిలో వేళ్లు ఉడికిపోతాయి. మన దగ్గర ఎరువు కన్నా ముందు లెక్క చూసుకోవాల్సింది నీటి వేడి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు, 35 డిగ్రీలకు ఏడు లోపుకు పడిపోతుంది. వేడెక్కిన వేరుకేమో శ్వాసకు ఆక్సిజన్ మరింత కావాలి. ఆ లోటులోనే పిథియం అనే వేరుకుళ్లు తెగులు దూరుతుంది. నీళ్లు 20 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంటే మంచిది, 28 దాకా నెట్టుకురావచ్చు, 30 దాటితే ప్రమాదం.

అందుకే ఇక్కడ పంట కాలం దసరా వెళ్లాక మొదలుపెట్టాలి. అక్టోబరులో కొమ్మలు వేళ్లు పట్టించి, నవంబరు మొదట్లో తొట్టెలో పెడితే మార్చి చివరి దాకా కోతలు వస్తాయి. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య వరకు రాత్రిళ్లు కూడా నీళ్లు చల్లబడవు. ఆ రెండు నెలలూ దిగుబడి మీద ఆశ పెట్టుకోకుండా, తల్లి మొక్కల్ని మట్టి కుండీల్లో నీడన బతికించుకోవడమే తెలివైన పని.

ఏ మొక్క పనికొస్తుంది

ఆకు, కాడ వాడే మొక్కలే నీటి సాగుకు ఎంచుకోండి. అశ్వగంధ, శతావరి లాంటి వేరు పంటలు నీటిలో బతుకుతాయి కానీ, వేరు లావుగా ఊరదు, సన్నటి పీచులా చీలిపోతుంది. కొనేవాడు అడిగేది లావు వేరు. కలబంద నీటిలో మొదలు దగ్గర కుళ్లుతుంది. నేలవేము కొబ్బరి పొట్టులో వస్తుంది, కానీ మట్టిలోనే అంతకన్నా సులువుగా వస్తుంది కాబట్టి ఈ శ్రమ దండగ.

తొట్టెలో బాగా వచ్చేవి చిత్తడి నేలల్లో పుట్టే మొక్కలు. చిన్న దళసరి ఆకులతో నేల మీద పాకే బ్రాహ్మి, గుండ్రటి ఆకుల సరస్వతి ఆకు, గుంటగలగర ఈ కోవలోవి. నర్సరీల్లో బ్రాహ్మి అని అడిగితే చాలాసార్లు సరస్వతి ఆకు ఇస్తారు. ఆకు చూసి తీసుకోండి, ఎందుకంటే రెండింటి మందు గుణాలూ వేరు, నీడ అవసరమూ వేరు. తులసి వేళ్లకు మాత్రం ఎప్పుడూ నీటిలో మునిగి ఉండటం నచ్చదు. దాన్ని కొబ్బరి పొట్టు బకెట్లలో పెంచాలి.

కడియం నుంచో ఊళ్లోని నర్సరీ నుంచో తెచ్చిన మొక్కను మట్టి కడిగి నేరుగా తొట్టెలో దించకండి. ఎంత కడిగినా వేళ్ల మధ్య మట్టి మిగులుతుంది, దాంతోపాటు పిథియం, నులిపురుగులు వస్తాయి. ఆ మొక్కను కుండీలోనే ఉంచి, కొత్త కొమ్మలు తుంచి వాటికి వేళ్లు పట్టించండి. తులసి విత్తనం కావాలంటే లక్నోలోని ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ విడుదల చేసిన సిమ్-ఆయు లాంటి రకం మంచిది. తులసి ఘాటుకు మూలమైన నూనె పదార్థం యూజినాల్ ఎక్కువగా ఉండే రకం అది.

తొట్టె

పైపుల్లో సన్నటి ధారగా నీళ్లు పారే ఎన్‌ఎఫ్‌టీ పద్ధతి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మన డాబాల మీద దాన్ని సిఫార్సు చేయలేం. పైపులో ఉండేది కొద్దిపాటి నీళ్లు, ఎండకు ఇట్టే వేడెక్కుతాయి. మధ్యాహ్నం కరెంటు పోయి పంపు ఆగితే మొక్కలు గంటా రెండు గంటల్లోనే వాడిపోతాయి. వెడల్పాటి తొట్టెలో నిలవ నీళ్లు నెమ్మదిగా వేడెక్కుతాయి, కరెంటు పోయినా వేళ్లు తడిలోనే ఉంటాయి.

లోపలి కొలతలు 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 15 లోతు ఉండేలా చెక్కలతో చట్రం కట్టి, లోపల ఆహారానికి పనికొచ్చే రకం ప్లాస్టిక్ షీటు పరవండి. వడ్లు ఆరబోసే పట్టాలు వద్దు, వాటిలో ఏం కలిపారో మనకు తెలియదు, ఇది మందుకు వాడే ఆకు. ఇత్తడి కుళాయిలు, జింకు పూసిన ఇనుప (జీఐ) పైపులు కూడా వద్దు. ఎరువు నీళ్లు కాస్త పులుపుగా ఉంటాయి కాబట్టి వాటి నుంచి రాగి, జింకు కరిగి నీటిలోకి దిగుతాయి. అన్నీ ప్లాస్టిక్కే వాడండి.

ఈ తొట్టెలో 12.5 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు నింపితే సుమారు 90 లీటర్లు పడతాయి. అంటే చదరపు మీటరుకు 125 కిలోల బరువు. మనుషులు తిరిగే డాబాలకు సాధారణంగా లెక్క కట్టే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. కాబట్టి లోతు పెంచకండి. తొట్టెల్ని శ్లాబు నడిమధ్యన కాకుండా, కింద గోడో దూలమో ఉన్న చోట వరసగా పెట్టండి. పాత ఇల్లయితే ఇంజనీరుకు చూపించాకే పని మొదలుపెట్టండి.

మూతగా 25 మిల్లీమీటర్ల థర్మోకోల్ షీటు, అది వంగకుండా కింద రెండు పీవీసీ పైపులు అడ్డంగా. షీటుకు 15 సెంటీమీటర్ల ఎడంతో 32 రంధ్రాలు పడతాయి. వాటిలో 2 అంగుళాల నెట్ పాట్లు (జల్లెడలాంటి చిన్న ప్లాస్టిక్ కుండీలు) దిగుతాయి. థర్మోకోల్ ఎండకు పొడిగా రాలుతుంది కాబట్టి పైవైపు మాత్రం తెల్లటి ఎమల్షన్ రంగు వేయండి. ఎనామిల్ రంగు వేస్తే అందులోని థిన్నర్‌కు షీటు కరిగిపోతుంది. తొట్టె అడుగున, నాలుగు పక్కలా కూడా థర్మోకోల్ అంటించాలి. ఎండకు కాలిన శ్లాబు నుంచి కిందుగా ఎక్కే వేడే ఎక్కువ, ఈ అడుగు పొరను మానేసినవాళ్ల తొట్టెలు ముందుగా పాడవుతాయి. చుట్టూ నేలకు సున్నం కొట్టండి.

అడుగున ఖాళీ చేసే వాల్వు, 12.5 సెంటీమీటర్ల ఎత్తులో పొంగు రంధ్రం పెట్టండి. తుపాను వానకు నీళ్లు నిండితే ఆ రంధ్రం లేక మూత లేచిపోతుంది. అక్వేరియం షాపులో నిమిషానికి కనీసం 10 లీటర్ల గాలి ఇచ్చే పంపు, గాలిని సన్న బుడగలుగా వదిలే ఎయిర్ స్టోన్లు నాలుగు తీసుకోండి. పంపును నీటి మట్టానికి పైనే పెట్టాలి, లేదంటే కరెంటు పోగానే ట్యూబు గుండా నీళ్లు వెనక్కి వచ్చి పంపులో దిగుతాయి. బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

మూత అంచుల్లో, ఖాళీ రంధ్రాల్లో వెలుతురు పడితే పాచి, సందు దొరికితే దోమలు. ఖాళీ రంధ్రాలకు థర్మోకోల్ బిరడాలు, అంచుల వెంట నైలాన్ దోమతెర తప్పనిసరి. డెంగీ దోమ పెరిగేది ఇలాంటి శుభ్రమైన నిలవ నీళ్లలోనే.

నీళ్లు

కృష్ణా నీళ్లు వచ్చే కుళాయి ఉంటే అదే మేలు. క్లోరిన్ పోవడానికి ఒక రోజు మూత తీసి ఉంచండి. బోరు నీళ్లయితే ముందు ఈసీ కొలవండి, అంటే నీటిలో ఎంత ఉప్పు కరిగి ఉందో చెప్పే విద్యుత్ వాహకత (ఇక్కడి ఈసీ అంకెలన్నీ mS/cm లో). 0.5 లోపుంటే హాయిగా వాడుకోవచ్చు. 1.0 దాటితే అందులో సోడియం, బైకార్బనేట్లు ఎక్కువుండే అవకాశం ఎక్కువ, వాన నీళ్లో ఆర్వో నీళ్లో సగానికి సగం కలపాలి. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం పనికిరావు, ఉప్పంతా చిక్కబడేది వాటిలోనే.

ఏసీ నుంచి కారే నీళ్లు ఉప్పు లేనివి కదా అని చాలామంది పట్టి పోస్తుంటారు. ఆ నీళ్లు రాగి, అల్యూమినియం కాయిల్ మీద నుంచి జారి వస్తాయి. బ్రాహ్మి, సరస్వతి ఆకు రెండూ నీటిలోని భార లోహాల్ని బాగా పీల్చి ఆకులో దాచుకునే మొక్కలు. పూల మొక్కలకు పోసుకోండి, వీటికి వద్దు.

మీటరు కొనేటప్పుడు ఈసీ నేరుగా చూపేదే తీసుకోండి. టీడీఎస్ మీటర్లు కొన్ని 500తో, కొన్ని 700తో హెచ్చించి చూపుతాయి, దాంతో మోతాదు తారుమారవుతుంది. నీటి పులుపు కొలిచే పీహెచ్ మీటరును రెండు వారాలకోసారి, పీహెచ్ 4, 7 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో సరిచూసుకోవాలి. దాని మొన ఎండకూడదు, ఉత్త ఆర్వో నీళ్లలోనూ ముంచి ఉంచకూడదు, దానికిచ్చే నిల్వ ద్రావణంలోనే ఉండాలి.

ఎరువు

గుంటూరు మిరప రైతులు డ్రిప్పులో వదిలే నీటిలో కరిగే ఎరువులే ఇక్కడా కావాలి, ఏ ఎరువుల షాపులో అయినా దొరుకుతాయి. ఒక్కటే మానుకోండి: నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19. అందులో నత్రజని ఎక్కువ భాగం యూరియా, అమ్మోనియం రూపంలో ఉంటుంది. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని మొక్క తేలిగ్గా తీసుకునే నైట్రేటుగా మారుస్తాయి. తొట్టెలో వాటి పని అంతంతమాత్రం.

ఐదు లీటర్ల నల్ల క్యాన్లు రెండు తీసుకుని, ఏ (A), బీ (B) అని రాసిపెట్టుకోండి.

ఏ క్యాను: కాల్షియం నైట్రేట్ 300 గ్రాములు, ఐరన్ ఈడీటీఏ (ఈడీటీఏ పట్టి ఉంచిన ఇనుము, 12 శాతం) 10 గ్రాములు.

బీ క్యాను: 13-0-45 (పొటాషియం నైట్రేట్) 150 గ్రాములు, 0-52-34 (మోనో పొటాషియం ఫాస్ఫేట్) 75 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 200 గ్రాములు, బోరిక్ యాసిడ్ 1.5 గ్రాములు, మాంగనీస్ సల్ఫేట్ 1 గ్రాము, జింక్ సల్ఫేట్ 0.25, కాపర్ సల్ఫేట్ 0.1, అమ్మోనియం మాలిబ్డేట్ 0.05 గ్రాములు.

ఒక్కొక్క క్యానులో ముందు నాలుగు లీటర్ల నీళ్లు పోసి, ఒకటి పూర్తిగా కరిగాక ఇంకొకటి వేసి, చివరికి ఐదు లీటర్లు చేయాలి. కొద్ది మోతాదులో వేసే ఎరువులకు బంగారం తూచే చిన్న తక్కెడ ఉండాలి. 0.05 గ్రాములు దాని మీదా సరిగా తూగకపోతే, 1 గ్రాము మాలిబ్డేట్‌ను లీటరు నీళ్లలో కరిగించి అందులోంచి 50 మిల్లీలీటర్లు పోస్తే లెక్క సరిపోతుంది. ఏ, బీ క్యాన్లలోవి చిక్కగా ఉన్నప్పుడు కలిపితే కాల్షియం సల్ఫేటుగా, ఫాస్ఫేటుగా తెల్లగా గడ్డకట్టి అడుగుకు చేరుతుంది. ఆ తెలుపు మళ్లీ కరగదు, అందులోని కాల్షియం, భాస్వరం మొక్కకు దక్కవు. తొట్టెలో ఒకటి పోసి, బాగా కలియతిప్పి, పది నిమిషాలాగి రెండోది పోయండి. ఈడీటీఏ ఇనుము వెలుతురుకు విరిగిపోతుంది, అందుకే నల్ల క్యాను.

లీటరు నీటికి 10 మిల్లీలీటర్ల చొప్పున రెండూ పోస్తే పూర్తి మోతాదు. నీటి ఈసీ మీద ఇంకో 1.4, 1.5 పెరుగుతుంది. బ్రాహ్మికి, సరస్వతి ఆకుకు అంత అక్కర్లేదు. 90 లీటర్ల తొట్టెకు ఏ, బీ క్యాన్ల నుంచి చెరో 600 మిల్లీలీటర్లు చాలు. ఎరువు ఎక్కువైతే ఆకు ఏపుగా, లేతగా, నీళ్లోడుతూ వస్తుంది, ఎండబెడితే చేతిలో ఏమీ మిగలదు. కూరగాయలు పెంచిన అలవాటుతో ఈసీ 2 దాకా తీసుకెళ్లడం ఔషధ మొక్కల్లో తరచూ జరిగే పొరపాటు.

పీహెచ్ 5.8 నుంచి 6.2 మధ్య ఉంచండి. మన నీళ్లు దాన్ని ఎప్పుడూ పైకే లాగుతుంటాయి. 85 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ ఒక వంతును తొమ్మిది వంతుల నీళ్లలో కలిపి పెట్టుకోండి. ఎప్పుడూ నీళ్లలోనే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు, చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి. పది పది మిల్లీలీటర్లుగా తొట్టెలో పోస్తూ, పావుగంటకోసారి కొలవండి. తొట్టెకు ఈ పలుచటి యాసిడ్ 100 మిల్లీలీటర్లు దాటుతోందంటే మీ నీళ్లే మార్చుకోవాలి, లేదంటే భాస్వరం మోతాదు మించుతుంది. నిమ్మరసం, వెనిగర్ తాత్కాలికమే. సూక్ష్మజీవులు వాటిని తినేయగానే పీహెచ్ మళ్లీ మొదటికొస్తుంది.

నాటడం

బ్రాహ్మి కొమ్మలు 8 నుంచి 10 సెంటీమీటర్లు, మూడు నాలుగు కణుపులతో తుంచండి. కింది రెండు కణుపుల ఆకులు గిల్లేసి, ఉత్త నీళ్లలో నీడన పెడితే వారం, పది రోజుల్లో తెల్లటి వేళ్లు వస్తాయి. రెండు మూడు కొమ్మల్ని కలిపి స్పాంజి ముక్కలో చుట్టి నెట్ పాట్‌లో దించండి. సరస్వతి ఆకుకు పాకే తీగ మీద వేళ్లు పట్టిన కణుపుల్ని వేరుచేస్తే సరిపోతుంది. దీనికి సగం ఎండను ఆపే (50 శాతం) షేడ్ నెట్ కావాలి. బ్రాహ్మికి చలికాలంలో నెట్ లేకపోయినా పర్వాలేదు, ఫిబ్రవరి నుంచి వేయండి.

నాటిన మొదటి రోజుల్లో నీళ్లు నెట్ పాట్ అడుగును తాకుతూ ఉండాలి. వేళ్లు వేలెడు పొడవు దిగాక మట్టం రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించి అలాగే ఉంచండి. మూతకు, నీళ్లకు మధ్య గాలిలో తడిగా వేలాడే వేళ్లే ఎండ రోజుల్లో మొక్కను కాపాడతాయి. మళ్లీ పైదాకా నింపితే గాలికి అలవాటుపడ్డ ఆ వేళ్లు మునిగి కుళ్లుతాయి.

తులసి విత్తనాన్ని తడి కొబ్బరి పొట్టు మీద చల్లి వదిలేయాలి, పైన కప్పకూడదు. మొలక వారం అటూ ఇటూ పడుతుంది. మొలకతో వచ్చే విత్తన ఆకులు కాక నాలుగు అసలు ఆకులు వచ్చాక 12 లీటర్ల బకెట్‌కు ఒక మొక్క మార్చండి. బకెట్ అడుగున రంధ్రాలుండాలి. కొబ్బరి పొట్టును ముందుగా కడిగే పని తప్పించుకోవద్దు. తీరప్రాంతం పొట్టులో ఉప్పుంటుంది, పైగా అది పొటాషియం, సోడియంలను పట్టుకుని ఉండి మనమిచ్చే కాల్షియాన్ని లాగేసుకుంటుంది. కారే నీటి ఈసీ 0.5 లోపుకు వచ్చేదాకా కడిగి, లీటరుకు 5 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, మళ్లీ ఒకసారి కడగండి. తర్వాత పూర్తి మోతాదు ఎరువు నీళ్లు రోజుకు రెండు మూడుసార్లు, పోసిన దాంట్లో ఆరో వంతు కిందికి కారేటట్టు పోయాలి. ఆ కారుడు లేకపోతే ఉప్పు పేరుకుని ఆకు అంచులు మాడతాయి. మొక్క జానెడయ్యాక తల తుంచితే గుబురుగా పక్క కొమ్మలు వేస్తుంది.

రోజూ చూడాల్సింది

ఉదయం ఈసీ, పీహెచ్, మధ్యాహ్నం మూడింటికి నీటి వేడి. ఈసీ పెరిగిందంటే మొక్క ఎరువు కన్నా నీళ్లు ఎక్కువ తాగుతోందని, ఉత్త నీళ్లు కలపండి. తగ్గితే ఎరువు కావాలి. రెండు వారాలకోసారి తొట్టె మొత్తం ఖాళీ చేసి కొత్త నీళ్లు పెట్టండి, పాత నీళ్లు పూల కుండీలకు పోయండి.

మార్చిలో నీళ్లు 30కి చేరుతుంటే గడ్డకట్టించిన సీసాలు వేయండి. 90 లీటర్లను 5 డిగ్రీలు దించాలంటే ఐసు కట్టిన లీటరు సీసాలు నాలుగు కావాలి. ఒక్క సీసా వేస్తే ఒకటింపావు డిగ్రీ మించి తగ్గదు. సీసాలు మధ్యాహ్నం పన్నెండుకే వేయాలి, నీళ్లు వేడెక్కాక వేసి లాభం లేదు. పొడి వడగాలి వీచే రోజుల్లో తొట్టె పక్కలకు తడి గోనెలు చుడితే కొంత ఉపశమనం. ఉక్కపోత రోజుల్లో గోనె ఆరదు కాబట్టి ఆ ఉపాయం పారదు.

తేడా వస్తే

వేరును చేత్తో పట్టి చూడండి. ఆరోగ్యమైన వేరు తెల్లగా, లాగితే గట్టిగా ఉంటుంది. గోధుమరంగులో జిగురుగా, పట్టుకుంటే పైపొర ఊడి సన్నటి దారం మిగిలి, మురుగు వాసన వస్తే పిథియం. ఆ మొక్క తీసేయండి, నీళ్లు పారబోయండి, తొట్టెను బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఆరబెట్టండి, కొత్త నీళ్లు 26 డిగ్రీల లోపు పెట్టి గాలి పెంచండి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ లీటరుకు 2 నుంచి 3 మిల్లీలీటర్లు కలిపితే మిగిలిన మొక్కలకు ఊరట. వేరుకుళ్లును అదుపు చేసే మేలు శిలీంద్రం ట్రైకోడెర్మా వాడేవాళ్లు పెరాక్సైడ్ వాడకూడదు, అది దాన్నీ చంపేస్తుంది. శిలీంద్ర నాశిని మందుల జోలికి పోవద్దు, ఈ ఆకు నోట్లోకి వెళ్లేది.

కొత్త ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. ఇనుము పోయడానికి ముందు పీహెచ్ చూడండి. అది 6.5 దాటితే ఈడీటీఏ ఇనుమును పట్టి ఉంచలేదు, ఎంత పోసినా వృథా. ఇదే పసుపు పాత ఆకుల్లో మొదలైతే మెగ్నీషియం లోపం. లేత ఆకు అంచులు మాడితే కాల్షియం లోపం, దానికి కారణం చాలాసార్లు ఎరువు చాలక కాదు, వేళ్లు వేడెక్కడం.

పేనుబంక, పిండినల్లి కనిపిస్తే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనెను కాస్త కుంకుడు రసంతో కలిపి సాయంత్రం కొట్టండి, వారం దాకా కోయకండి. గుంటూరు వైపు మిరప తోటల పక్కన పెట్టేవాళ్లకు అసలు బెడద పొరుగు పొలం మందు. పిచికారీ తుంపర గాలికి కొట్టుకొచ్చి మీ ఆకు మీద పడుతుంది. అటువైపు ఎత్తుగా తెర కట్టండి. పొరుగు రైతును అడిగి మందు కొట్టే రోజు ముందే తెలుసుకుని తొట్టెలు కప్పండి.

కోత, ఆరబెట్టడం

కోతకు మూడు రోజుల ముందు ఎరువు తగ్గించి ఉత్త నీళ్లు కలుపుతూ రండి, ఆకులోని మిగులు నైట్రేటు తగ్గుతుంది. బ్రాహ్మిని కాడలు జానెడు దాటాక మొదలు దగ్గర 5 సెంటీమీటర్లు వదిలి కోయండి, ఐదారు వారాల్లో మళ్లీ వస్తుంది. తులసిలో నూనె బాగా ఉండేది పూత సమయంలో. మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోయాలి. కింద ఆకులున్న కొమ్మలు వదిలితేనే చిగురిస్తుంది.

కోసిన ఆకును నీడలో, జల్లెడ మీద పలచగా, 40 డిగ్రీలు మించకుండా ఆరబెట్టండి. ఎండలో పెడితే తులసి ఘాటు గాలిలో కలిసిపోతుంది. నలిపితే ఆకు పెళపెళమని, కాడ పుటుక్కున విరగాలి. కాడ వంగుతోందంటే తేమ ఉంది, డబ్బాలో పెడితే బూజు పడుతుంది. పది కిలోల పచ్చి బ్రాహ్మికి కాస్త అటూ ఇటూగా కిలో ఎండు ఆకు వస్తుందనుకోండి.

ఇంట్లో వాడుకునేవాళ్లు, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు, థైరాయిడ్ మందులు వేసుకునేవాళ్లు, గర్భిణులు వైద్యుణ్ని అడిగాకే వాడాలి. అమ్మాలనుకుంటే మొదటి కోత నుంచే ఒక నమూనా ప్రయోగశాలకు పంపండి. మందుల ప్రమాణాలు చెప్పే ఆయుర్వేద ఫార్మకోపియా ప్రకారం ఎండు సరుకులో సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఇన్ని వంతులు) దాటకూడదు. ఎండు ఆకును పొడి చేసి మందు పేరుతో అమ్మడానికి ఆయుష్ లైసెన్సు ఉండాలి. అది లేకుండా ఎండు ఆకును కంపెనీలకు ముడిసరుకుగా ఇవ్వవచ్చు. వాళ్లు బ్రాహ్మిలో బాకోసైడ్లు అనే మందు పదార్థాలు, తులసిలో యూజినాల్ ఎంత శాతమో అడుగుతారు కాబట్టి, లోహాల పరీక్షతో పాటు ఆ పరీక్ష కూడా చేయించి కాగితం చేతిలో పెట్టుకున్నాకే ధర మాట్లాడండి.